కుక్క బొమ్మ ఎవరి మాట వింటోంది?

గ్రామఫోను ముందు తల కాస్త ఓరగా వంచి కూర్చున్న ఆ కుక్కని ఎరగని వాళ్ళు మన పాత ఇళ్ళల్లో తక్కువ. దాని కింద ఉన్న "హిజ్ మాస్టర్స్ వాయిస్" అన్న ఇంగ్లీషు అక్షరాలు చదవలేని మామ్మలు కూడా "కుక్క బొమ్మ ప్లేటు" అని ఇట్టే పోల్చుకునేవారు. ఆ బొమ్మ గిర్రున తిరుగుతూంటేనే కదూ, ఘంటసాలగారి పుష్పవిలాపం విని కళ్ళొత్తుకున్నాం! అదే బొమ్మ ఇంగ్లండులో హెచ్.ఎమ్.వి. దుకాణాలకీ గుర్తు. మొదటిది 1921లో లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీటులో తెరిచారు. 2013లో ఒకసారి, 2018 చివర్లో మరోసారి కంపెనీ దివాలా దాకా వెళ్ళింది. ఆ వీధిలో మూతపడ్డ షాపు 2023లో మళ్ళీ పాతచోటే తలుపులు తెరిచింది. యజమానులు మారారు గానీ కుక్క మారలేదు.

ఆ కుక్క పేరు నిప్పర్. పెంచిన మార్క్ బరాడ్ 1887లో పోతే, ఆయన సోదరుడు ఫ్రాన్సిస్ చేరదీశాడు. ఈయన చిత్రకారుడు. 1895లో నిప్పరూ పోయింది. తరవాత జ్ఞాపకం మీద దాని బొమ్మ గీశాడు. అప్పుడు దాని ముందున్నది గ్రామఫోను కాదు, ఫోనోగ్రాఫు. 1899లో గ్రామఫోను కంపెనీ ఆ యంత్రం చెరిపి తమది వేస్తే కొంటామంది. బొమ్మకి 50 పౌన్లు, హక్కులకి 50. చిత్రకారుడు సరేనని పాతదాని మీద రంగు పూసి కొత్తది వేసేశాడు.

ఇక్కడిదాకా చెప్పి అందరూ "ఎంత విశ్వాసమో!" అని నిట్టూరుస్తారు. నా పేచీ సరిగ్గా ఇక్కడే. ఫోనోగ్రాఫులో ఇంట్లోవాళ్ళ మాటలు మనమే పట్టి, మళ్ళీ వినచ్చు. పోయిన యజమాని గొంతు అందులోంచి వినబడితే కుక్క చెవులు రిక్కించడంలో అర్థముంది. గ్రామఫోను అలా కాదు. కంపెనీ అచ్చువేసి అమ్మిన ప్లేటునే అది పాడుతుంది. అంటే బొమ్మ అమ్ముడుపోయిన రోజే అందులోంచి యజమాని గొంతు మాయమైంది. పేరొక్కటే మిగిలింది. ఆ పేరుకిప్పుడు యజమాని ఎవరు? ప్లేట్లు అమ్మేవాడేగా!

మన భాషలో "మాట వినడం" అంటే చెవిన వేసుకోవడమూ అవును, చెప్పినట్టు నడుచుకోవడమూ అవును. బొమ్మ మొదటి అర్థంతో పుట్టింది. పేరు రెండో అర్థానికి జారింది. తానా అంటే తందానా అనే నాయకుణ్ణి వెక్కిరించడానికి మన పత్రికలవాళ్ళు ఆ పేరునే వాడుకున్నారంటే వింతేముంది?

అయినా ఆ బొమ్మని తీసిపారెయ్యలేను. వ్యాపారం యంత్రాన్ని మార్చగలిగింది గానీ, ఆ తల వంపుని మార్చలేకపోయింది. ఇష్టమైన గొంతు కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చోవడం అబద్ధం కాదు. ఈనాడు మన అరచేతిలో ఫోను మళ్ళీ ఫోనోగ్రాఫు పని చేస్తోంది. ప్రపంచంలోని పాటలన్నీ అందులో దాచుకుంటున్నాం, బాగానే ఉంది. అమ్మ "అన్నం తిన్నావా?" అని అడిగే మాట దాచుకున్నామా?