ఒక్క డాలరు డబ్బా

పాత కెమెరాలు సేకరించేవాళ్లు మా ఇంటికొచ్చి అద్దాల బీరువా ముందు నిలబడ్డప్పుడు, వాళ్ల కళ్లు ముందు లైకా కోసం వెతుకుతాయి, ఆ తర్వాత రోలైఫ్లెక్స్ కోసం. నా దగ్గర ఆ రెండూ లేవు. ఉన్నవి దాదాపు అన్నీ నల్లటి డబ్బా కెమెరాలు. వీటికి పెద్ద ధర పలకదు కదండీ అంటారు. నిజమే. లక్షల్లో తయారైన వస్తువు అరుదైనది ఎలా అవుతుంది? కానీ ఫోటోగ్రఫీ చరిత్ర మొత్తాన్ని ఒక్క వస్తువు చూపించి చెప్పమంటే, నేను తీసేది అట్టా చెక్కా కలిపి చేసిన ఈ డబ్బానే. గొప్ప కెమెరాలు గొప్ప ఫోటోగ్రాఫర్లని తయారుచేశాయేమో గానీ, మామూలు మనిషి చేతికి ఫోటో తీసే హక్కు వచ్చింది దీనివల్లే.

అంతకుముందు పరిస్థితి ఏమిటో మన సికింద్రాబాదే చెబుతుంది. 1880ల్లో అక్కడ స్టూడియో పెట్టిన రాజా దీనదయాళ్‌ని ఆరో నిజాం తన కొలువు ఫోటోగ్రాఫరుగా నియమించుకున్నారు. బరువైన కెమెరా, మూడుకాళ్ల స్టాండు, గాజు పలకలు, వాటిని మోయడానికి మనుషులు. పరదా పాటించే స్త్రీల కోసం ఆయన హైదరాబాదులో విడిగా జనానా స్టూడియో కూడా తెరిచి, అక్కడ ఫోటోలు తీసే పని ఒక ఆంగ్ల మహిళకి అప్పగించారు. ఆ పనితనం ముందు ఇప్పటికీ చేతులు జోడించాల్సిందే. అయితే కెమెరా ముందు కూర్చునేది నవాబులూ జమీందార్లూ దొరలూ, దాని వెనక నిలబడేది వృత్తిగా నేర్చినవాళ్లు.

సరిగ్గా ఆ కాలంలోనే, అమెరికాలోని రోచెస్టర్‌లో, ఒకప్పుడు బ్యాంకు గుమస్తాగా పనిచేసిన జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో కొడాక్ అనే డబ్బాని అమ్మకానికి పెట్టాడు. వెల 25 డాలర్లు. 100 ఫోటోలకి సరిపడా ఫిల్ము లోపలే చుట్టి ఇచ్చేవారు. అయిపోయాక కెమెరా మొత్తాన్ని కంపెనీకి పంపి 10 డాలర్లు కడితే, గుండ్రటి ప్రింట్లతో పాటు కొత్త రీలు ఎక్కించిన కెమెరా తిరిగొచ్చేది. ఫోటో తీసే పనీ, కడిగే పనీ విడిపోయింది అక్కడే. అప్పటిదాకా ఫోటో తీయాలంటే రసాయనాలు తెలిసి తీరాలి. ఆ తర్వాత అక్కర్లేకపోయింది. నన్నడిగితే, డిజిటల్ రావడం కన్నా ఇదే పెద్ద మలుపు.

అయినా 25 డాలర్లంటే అప్పట్లో చిన్న సొమ్ము కాదు. అసలు విడుదల 1900 ఫిబ్రవరిలో జరిగింది. ఈస్ట్‌మన్ కంపెనీ కోసం ఫ్రాంక్ బ్రౌనెల్ రూపొందించిన బ్రౌనీ కెమెరా ఒక్క డాలరుకి వచ్చింది. 6 ఫోటోల రీలు 15 సెంట్లు. పామర్ కాక్స్ బొమ్మల్లో అల్లరి చేసే చిట్టి దేవతల పేరే దీనికి పెట్టి, పిల్లలకే అమ్మజూపారు. మొదటి ఏడాదే లక్షన్నర పైగా అమ్ముడుపోయాయి.

నా దగ్గరున్నవాటిలో చేతికి ఎక్కువగా వచ్చేది 1901లో మొదలైన నెంబర్ 2 బ్రౌనీ రకం. పక్కనున్న తాళంచెవి లాంటి పుల్లని బయటికి లాగి, వెనక తలుపు తీస్తే, లోపలి చట్రం మొత్తం జారి చేతిలోకొస్తుంది. కొత్త రీలు ఒక గూట్లో, ఖాళీ స్పూల్ ఇంకో గూట్లో. రీలు వెనక కాగితాన్ని సాగదీసి ఖాళీ స్పూల్ గాడిలో దూర్చి, రెండు చుట్లు చుట్టి, చట్రాన్ని మళ్లీ లోపలికి తోస్తే పని పూర్తి. వెనక చిన్న ఎర్ర కిటికీలో 1 అంకె కనబడేదాకా పుల్లని తిప్పాలి. నిలువు ఫోటోకి ఒకటి, అడ్డం ఫోటోకి ఒకటి చొప్పున వేలిగోరంత చూపుటద్దాలు రెండున్నాయి. వాటిలో కుడి ఎడమవుతుంది. డబ్బాని పొట్టకి ఆనించి, తల వంచి, ఊపిరి బిగబట్టి పక్కనున్న మీట నొక్కాలి. మీట మళ్లీ పైకి రాదు. తర్వాతి ఫోటోకి దాన్ని కింది నుంచి పైకి ఎత్తాలి. రీలు తిప్పడం మరిచిపోతే ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడుతుంది.

ఫోకస్ తిప్పే పని లేదు. ముందున్నది ఒంటి గాజు లెన్సు, దాని రంధ్రం చాలా చిన్నది. అందుకే పదడుగుల నుంచి దూరపు కొండల దాకా అన్నీ కాస్తో కూస్తో స్పష్టంగానే పడతాయి. షట్టర్ వేగమూ దాదాపు ఒకటే. ఎండ బాగా కాయాలి, అంతే. ఫోటో తీసేవాడికి మిగిలిన నిర్ణయాలు రెండే: ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి. ఫోటోగ్రఫీలో నేర్చుకోవాల్సినవీ చివరికి ఆ రెండే అని నా గట్టి నమ్మకం. 1916లో యోసెమిటీ లోయకి వెళ్లిన పద్నాలుగేళ్ల ఆన్సెల్ ఆడమ్స్ చేతికి తండ్రి ఇచ్చింది ఇలాంటి బ్రౌనీయే.

ఈ పద్ధతి తెలిశాక పాత ఆల్బమ్‌లు వేరేగా కనిపిస్తాయి. సూర్యుడు వీపు వెనక ఉండాలన్నది ఆ రోజుల నియమం. అందుకే ఫోటోల్లో అందరూ కళ్లు చిట్లించి ఉంటారు, కింద నేల మీద ఫోటో తీసినవాళ్ల నీడ పడి ఉంటుంది. పొట్ట దగ్గర పెట్టి తీస్తారు కనక పిల్లలు కెమెరాకి సరిగ్గా ఎదురుగా వస్తారు, పెద్దవాళ్లు ఇంకాస్త పొడుగ్గా అగుపిస్తారు. స్టూడియోలో రంగుల తెర ముందు కుర్చీ మీద చెయ్యివేసి బిగుసుకుపోయిన మనిషే, ఇంటి అరుగు మీద డబ్బా కెమెరా ముందు నవ్వుతూ ఉంటాడు.

చరిత్రకి సాక్ష్యాలు కూడా ఇదే డబ్బా ఇచ్చింది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు, బతికినవాళ్లని ఎక్కించుకున్న కార్పాతియా ఓడలో బెర్నీస్ పామర్ అనే కెనడా అమ్మాయి ఉంది. పదిహేడేళ్లది. కొత్తగా చేతికొచ్చిన 2ఏ బ్రౌనీతో ఒక మంచుకొండనీ, డెక్ మీద ఉన్న మనుషుల్నీ తీసింది. ఆ ఫోటోల మీద హక్కులకి ఒక వార్తాచిత్రాల సంస్థ ఆమెకి ముట్టజెప్పింది 10 డాలర్లు. ఆ కెమెరా ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియం సొత్తు. 1954లో పులిట్జర్ అందుకున్న వర్జీనియా షా కూడా వృత్తి ఫోటోగ్రాఫర్ కాదు. వంతెన మీంచి వేలాడుతున్న లారీలోంచి డ్రైవరుని పైకి లాగుతున్న ఆ దృశ్యాన్ని ఆమె తీసింది బ్రౌనీతోనే.

కొడాక్ ఒక్కటే అనుకోకండి. జర్మనీలో 1932లో అగ్ఫా కంపెనీ 4 మార్కులకే డబ్బా ఇస్తానంది. షరతు ఏమిటంటే ఆ 4 నాణేల మీద ఉండే టంకశాల అక్షరాలు ఎ, జి, ఎఫ్, ఎ కావాలి. జనం జేబులు తడుముకుంటూ నాణేలు మార్చుకున్నారు. ఆ అగ్ఫా పేరే దశాబ్దాల తర్వాత బరోడాలో తయారైన క్లిక్ 3 మీద మన ఇళ్లకొచ్చింది. అది ప్లాస్టిక్‌ది, ఆకారం డబ్బాది కాదు, కానీ జాతి అదే. 120 రీలు మీద 12 చదరపు ఫోటోలు. మన మధ్యతరగతి పెళ్లిళ్లూ తిరుపతి యాత్రలూ ఎన్ని అందులోకి వెళ్లాయో. ఆ క్లిక్ 3ని నా బీరువాలో లైకా కోసం వదిలిన చోటే పెట్టాను.

కొనదలుచుకున్నవాళ్లకి నేను గట్టిగా చెప్పేది రీలు సైజు గురించి. 120 రీలు పుట్టింది నెంబర్ 2 బ్రౌనీ కోసమే, ఇప్పటికీ తయారవుతోంది. అంటే నూరేళ్లు దాటిన డబ్బాతో రేపు పొద్దున్నే ఫోటో తీయొచ్చు. 620 అని రాసి ఉంటే ఫిల్ము అదే గానీ స్పూల్ సన్నం. చీకట్లో 120 ఫిల్ముని పాత స్పూల్‌కి చుట్టుకోవాలి. అందుకే 620 కెమెరా లోపల ఖాళీ స్పూల్ ఉందో లేదో ముందు చూడండి. ఎర్ర కిటికీ మీద నల్ల టేపు అంటించండి. పాత ఫిల్ములకి ఎరుపు కనబడేది కాదు, ఇప్పటివాటికి కనబడుతుంది. మన కోస్తా ఉక్కలో లెన్సుకి బూజు పడుతుంది, గాలి ఆడేచోట పెట్టండి. చూపుటద్దంలోని చిన్న అద్దాన్ని మాత్రం గట్టిగా తుడవకండి, వెండి పూత ఊడొస్తుంది.

అటక మీద ఇలాంటి డబ్బా దొరికితే ఆత్రంగా తలుపు తీయకండి. ముందు ఎర్ర కిటికీలోకి చూడండి. అంకె కనబడితే లోపల ఎవరో సగం తీసి వదిలేసిన రీలుంది. పుల్లని మెల్లగా చివరిదాకా తిప్పి, చీకటిగదిలో తీసి, నల్లకాగితంలో చుట్టి, నలుపు తెలుపు ఫిల్ము కడగడం తెలిసినవాళ్ల దగ్గరికే పట్టుకెళ్లండి. ఏళ్ల తరబడి మూలపడ్డ రీళ్ల నుంచి కూడా బొమ్మలు వస్తాయి. వస్తే, అందులో ఉన్నది ఎవరో చెప్పగలిగిన పెద్దవాళ్లకి ఆ ప్రింటు ఆ వారమే చూపించి, పేర్లు వెనక పెన్సిలుతో రాయించుకోండి.