వెయ్యోవంతు సెకనులో గెలిచినదెవరు?

2024 మే 5వ తేదీన అమెరికాలోని కాన్సస్ పందెపు బాటమీద కైల్ లార్సన్, క్రిస్ బ్యూషర్ అనే ఇద్దరి కార్లు ఇంచుమించు జంటగా గీత దాటాయి. ఫలితాల పట్టికలో మొదట బ్యూషర్ పేరు పైన కనిపించింది. తరువాత అధికారులు గీతవద్ద తీసిన ఛాయాచిత్రాన్ని పరిశీలించి, గెలిచినది లార్సన్ అన్నారు. తేడా సెకనులో వెయ్యోవంతు. అంత సూక్ష్మంగా లెక్కించే యంత్రం ఉండగా ఫోటోతో పనేమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చును.

యంత్రం కొలిచేది ఏమిటో చూదాము. బాటకు అడ్డంగా నేలలో ఒక తీగచుట్టను పాతిపెడతారు. ప్రతి కారులోను ట్రాన్స్‌పాండర్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అది ఆ కారుకే చెందిన సంకేతాన్ని ఎడతెగకుండా పంపుతూ ఉంటుంది. తీగను దాటేటప్పుడు ఆ సంకేతం పెరిగి తగ్గుతుంది. దానినిబట్టి పెట్టె సరిగా తీగమీదికి వచ్చిన క్షణాన్ని గ్రాహకం గుర్తిస్తుంది. అది గుర్తించేది పెట్టెనే గాని కారు ముక్కును కాదు.

ఒక చుట్టుకు పట్టిన కాలాన్ని కొలవడంలో దీనివల్ల చిక్కు లేదు. పెట్టె ముక్కుకు ఎంత వెనుక ఉన్నా, చుట్టు మొదట్లో ఎంత ఆలస్యమో చివరనూ దాదాపు అంతే కాబట్టి తీసివేతలో పోతుంది. 1997లో స్పెయిన్‌లోని హెరెజ్‌లో విల్‌నవ్, షూమాకర్, ఫ్రెంట్జెన్ ముగ్గురూ అర్హత పోటీలో సరిగా 1 నిమిషం 21.072 సెకన్లే తెచ్చుకొన్నారు. ఆ కాలాన్ని ముందుగా సాధించిన విల్‌నవ్‌కు మొదటి స్థానం ఇచ్చారు. మరొక దశాంశం ఉంటే తేలిపోయేదనేవారు ఉంటారు. 4.428 కిలోమీటర్ల ఆ బాటలో వారి సగటు వేగానికి, సెకనులో పదివేలవ వంతులో కారు నడిచేది సుమారు అయిదున్నర మిల్లీమీటర్లు. కందిగింజంత దూరంతో పందెం తేల్చడం నాకు వినోదంగానే తోస్తుంది.

ఈత పోటీలవారు ఈ పాఠం ముందే నేర్చుకొన్నారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల మిశ్రమ ఈతలో స్వీడన్ ఈతగాడు లార్సన్ (కాన్సస్ లార్సన్‌కు ఇతడు ఏమీ కాడు) అమెరికా ఈతగాడు మెకీపై 0.002 సెకనుతో నెగ్గాడు. దూరంలో అది 3 మిల్లీమీటర్లు. ఒకరి వరుస రెండవవారిదానికంటె ఒక్క మిల్లీమీటరు పొడవైనా, ఎనిమిది నిడివులకు 8 మిల్లీమీటర్లు అవుతుంది! తరువాత ఈతలో నూరవ వంతుతోనే సరిపెట్టుకొన్నారు.

కారు పందెంలో ముగింపు సంగతి వేరు. ఇక్కడ ఒకే కారు కాలాన్ని దాని కాలంతోనే సరిచూడటం లేదు; రెండు కార్ల ముక్కులలో ఏది ముందో తేల్చాలి. గంటకు 270 కిలోమీటర్ల వేగంలో వెయ్యోవంతు సెకనుకు 7.5 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు. రెండు కార్లలో పెట్టెల అమరిక బెత్తెడు తేడాగా ఉంటే గెలుపు తారుమారవుతుంది. నియమాలు పెట్టె స్థానాన్ని నిర్ణయించినా, తీగచుట్ట తీర్పు ముక్కుకు పరోక్షసాక్ష్యమే.

నా ఆక్షేపణ యంత్రంపై కాదు, పట్టికపై. చుట్టు కాలాన్ని, గెలుపు తేడాను అది ఒకే తీరున మూడు దశాంశాలతో చూపుతుంది. మొదటిదానిలో మూడవ అంకె కొలత. రెండవదానిలో, ఫోటో చూచేవరకు, అది ఊహ. కాన్సస్‌లో అధికారులు ఫోటోను నమ్మడం సరియైన పనే. కాని తేడా నూరవ వంతుకు లోపు ఉన్నప్పుడు, ఎవరి పేరూ పైన వేయక “పరిశీలనలో ఉన్నది” అని పట్టికలో చూపడానికి అడ్డేమిటో తెలియదు.