కెమెరా కట్టు: జలగర్భ ఛాయాగ్రాహకుల హస్తకళ

సముద్రగర్భమున ఛాయాచిత్రములు తీయువారి కీర్తి యంతయు వారి చిత్రములకే చెందుచున్నది. ఆ చిత్రములు మన కంటబడుటకు ముందు, అలల యూపునకును ప్రవాహపు లాగుడునకును లోబడక, కెమెరాను క్షేమముగ లోనికి గొనిపోయి క్షేమముగ వెలికి దెచ్చిన చిన్ని త్రాడును, ఆ త్రాటిని ముడివైచిన వ్రేళ్ళను స్మరించువారు అరుదు. ప్రాణహిత గోదావరిలో గలియు చోట, కాళేశ్వరమున కెదురుగా నున్న సిరొంచలో నివసించుచు, వీలైనప్పుడెల్ల విశాఖ తీరమునకు బోయి, ఋషికొండ, మంగమారిపేట వైపుల స్కూబా ఈతగాండ్ర పనితనమును జూచి మురిసిపోవుచుండువాడను గనుక, ఆ కొఱత నాకు తోచిన మేరకు తీర్చవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సముద్రము నెరుగని ముల్చేర, అహేరి, సిరొంచ ప్రాంతముల వారికి ఈ విద్య పరాయిది యనిపింపవచ్చును గాని, విసురువల బట్టి నదిలో దిగు బెస్తవాని మణికట్టును గమనించినచో అది ఎంత దగ్గరిదో తెలియును. వలత్రాటి కొసను ఉచ్చుగా మలచి అతడు చేతికి దగిలించుకొనును. వల చేజారిపోకుండునంత బిగువును, మునిగిన మోడునకు వల చిక్కి ఏరు తన్నుకొనిపోవునపుడు చేయి తీసికొనగలుగునంత వెసులుబాటును ఆ యొక్క ఉచ్చులోనే ఇమిడియుండవలెను. ఆ కొలత అతడికి తాత తండ్రుల నుండి చేతికి వచ్చినది. జలగర్భ ఛాయాగ్రాహకుడు తన కెమెరాకు గట్టు త్రాటి రహస్యము సరిగా నిదియే.

నీటిలో కెమెరా చేయి జారిన నేమగును? నీటికన్న బరువైనదైనచో అడుగునకు దిగును, తేలికైనదైనచో పైకెగురును. ఈ రెండవదియే మిక్కిలి భయంకరము. దిగిపోవుదానిని వెంటాడువాడు తన సిలిండరులోని గాలిని వ్యర్థపుచ్చుకొనును. పైకెగిరినదాని కొఱకు ఊపిరి బిగబట్టి యెగసినవానికో, 10 మీటర్ల లోతున రొమ్ము నిండిన గాలి ఉపరితలము చేరునప్పటికి రెట్టింపు పరిమాణమునకు వ్యాకోచించును గనుక, ఊపిరితిత్తులే చీలిపోవు ప్రమాదము కలదు. నిమిషమునకు 9 మీటర్లకు మించక లేవవలయునని, 5 మీటర్ల కడ 3 నిమిషములు నిలువవలయునని కంఠస్థము చేసినవాడు సైతము ప్రియమైన వస్తువు కన్నుల యెదుట పోవుచుండగా ఆ నియమములను మరచును.

అందుచేతనే నిపుణుడు కట్టుటకు ముందు తూచును. కెమెరాను పొదివికొన్న జలాభేద్యమైన పెట్టెను, దీపములను, వాని బాహువులను బిగించి, నీట విడిచి, మునుగక తేలక నిలుచునట్లు చిన్న చిన్న తేలుడు బెండ్లను చేర్చుచు తీసివేయుచు సరిచూచును. విశాఖలో సరితూగిన కెమెరా మా ప్రాణహితలో తూగదు. నాలుగు లీటర్ల నీటిని తొలగించు పరికరము ఉప్పునీటిలో సరిగా నిలుచునేని, మంచినీటిలో సుమారు 100 గ్రాముల బరువెక్కి మునుగును. ఇంత సూక్ష్మమును చేతి స్పర్శ చేతనే పసిగట్టువారిని నేనెరుగుదును; వారికి చేతులెత్తి నమస్కరింపవలెననిపించును.

ఈ విద్యకు పూర్వులు సామాన్యులు గారు. 1893లో ఫ్రాన్సు దక్షిణ తీరమున బన్యూల్స్ నందు లూయీ బూటాన్ కెమెరాను సముద్రపు టడుగున నిలిపి, కొన్ని చిత్రముల కొఱకు అరగంటదాక దానిని కదలనీయకుండెనట! 1926లో ఫ్లోరిడాకు జేరిన డ్రై టోర్టుగాస్ దీవుల కడ లాంగ్లీ, మార్టిన్ అను నిరువురు తెప్పపై మెగ్నీషియము చూర్ణమును మండించి, ఆ వెలుగున నీటిలోని మీనమునకు తొలిసారి రంగుల చిత్రము దీసిరి. 1943లో కుస్తో, గాన్యాన్‌లు సిద్ధపరచిన గాలియంత్రము మనుజుని నీటిలో స్వేచ్ఛగా తిరుగనిచ్చెను. డేవిడ్ డూబిలే పండ్రెండేండ్ల ప్రాయమున, వైద్యులు మత్తుమందిచ్చుటకు వాడు రబ్బరు సంచిలో చిన్న కెమెరాను దూర్చి నీట మునిగెనని చెప్పుదురు. ఆయనయే పెద్దవాడై ఆకాశమును సాగరమును ఒకే చట్రములో బంధించిన మహనీయుడు! కాని నా భక్తి యంతయు ఫ్లోరిడా జలగుహలలో తిరిగిన వారి యందే కలదని దాచక చెప్పెదను. దేహముపై అనవసరమైన కొక్కెమొక్కటియు వ్రేలాడరాదని శాసించిన విలియం హోగార్త్ మేన్, గుహాంతరముల యంధకారమును దీపములతో వెలిగించి చిత్రించిన వెస్ స్కైల్స్ వంటివారిని మించినవారు నా దృష్టిలో లేరు. లోహమును లోహముతో ముడిపెట్టరాదు, ప్రతి కట్టును కత్తికి తెగవలెను అను నియమము ఆ గుహల వారు పాటించి నిలిపినదే.

ఆ కట్టు ఎట్లుండునో దగ్గర నుండి చూడుడు. బోల్ట్ స్నాప్ అను కొక్కెమునకు ఒక కొసన కన్ను, రెండవ కొసన బొటనవ్రేలితో వెనుకకు లాగినగాని తెరచుకొనని స్ప్రింగు మేకు నుండును. రెండు మూడు మిల్లీమీటర్ల నైలాను త్రాటిని ఆ కన్నులో నుండియు, కెమెరా పెట్టె పిడిలోని రంధ్రములో నుండియు మూడు నాలుగు చుట్లు త్రిప్పి, చుట్టు చుట్టును పక్కపక్కన బరచి, నడుమ అడ్డముగ చుట్టి బిగించి, జంటముడి వైచి, కొసలను అగ్గిపుల్లతో కరగించి అదుమవలయును. కొక్కెమును, తేలుటకు గాలి నింపుకొను కోటునకు ఎడమరొమ్ముపై నున్న డి-రింగను లోహవలయమునకు తగిలించిన, కెమెరా దేహమునకు అంటియుండును; రెండు చేతులును స్వేచ్ఛగా నుండును. చిక్కు పడిన వేళ కత్తితో ఒక్క గీత చాలును. కంటికి కనబడకయే, చేతి తొడుగుతోనే, ఒక్క శ్వాసలో తగిలించి ఊడదీయగల చేతిని జూచినపుడు వీణపై మెట్లు తడుము వైణికుని వ్రేళ్ళు నా మనసున మెదలును.

పడవ నుండి దిగునపుడు కెమెరాను చేతబట్టి దూకుట తెలియనివారి పని. తెలిసినవాడు తాను ముందు దిగి, పిదప పడవవాని చేతి నుండి పై పిడి పట్టి అందుకొనును; అంతకుముందే పెట్టె మూతలోని రబ్బరు వలయమును తుడిచి, సిలికాను జిడ్డు పూసి, ఒక్క వెండ్రుకయైన లేదని చూచి, తొట్టినీట ముంచి బుడగలు వెడలుచున్నవేమో కనిపెట్టును.

ఇక నేటి స్థితిని దలచిన కడుపు మండుచున్నది. నీటికొఱకే పుట్టిన నికొనాస్ కెమెరా, 1963లో వెలసి, 2001లో నిలిచిపోయెను. దానితోపాటు దానిని ప్రేమించిన యోపికయు నిలిచిపోయినట్లున్నది. ఇప్పుడు కర్ర కొసన గోప్రో దగిలించుకొని, అంగడిలో దొరకు చవుక స్ప్రింగుత్రాటిని మణికట్టుకు జుట్టి దిగుచున్నారు. ఆ స్ప్రింగులోని యినుపతీగ ఉప్పునీటికి లోలోన త్రుప్పుపట్టును. ఎండకు పెళుసుబారిన ప్లాస్టిక్ బకిలు ఒక్క కుదుపునకే విరుగును. లోనికి తెరచుకొను రెక్క గల కొక్కెములైతే తమంతట తామే దారిలోని త్రాటిని కరచుకొని, జాలరులు వదలిపోయిన పాతవలలో మనుజుని బంధింపగలవు. వ్రేలాడు కెమెరా రాతినంటి పెరిగిన జీవరాశిని ఒరసికొనుచు పోవును. దానిని గూర్చి యడుగువాడు లేడు. ఒక పర్యాటకుల పడవపై, తెగిన చవుకత్రాటిని సముద్రమున విసరివేసి, మరొకటి కొనవచ్చునని పలికిన శిక్షకుని మాట నేను స్వయముగ వింటిని. అది శిక్షణ యనిపించుకొనదు, కేవలము అమ్మకము.

విశాఖ శిక్షకులారా, మీలో నిజమైన హస్తకౌశలము గలవారు నేటికిని ఉన్నారు. ప్రథమ దినమున శిష్యుని చేతికి కెమెరా నీయకుడు. ఒక మూర నైలాను త్రాడును ఒక కొక్కెమును ఇచ్చి, కన్నులు మూయించి, కట్టించి, విప్పించి, చివరకు కత్తితో కోయించుడు. అది వచ్చినగాని దిగనీయకుడు. మా సిరొంచ బెస్త పిల్లలలో ఒకరిద్దరిని పిలిపించి పక్కన కూర్చుండబెట్టుకొనుడు. ముడులలో వారికి మీరును, మీకు వారును నేర్పదగినది చాల కలదు.