ఖరీదు తీగలు – ధ్వని గుణము

చిన్న హోం థియేటరుకు ఖరీదైన తీగలు తగిలించినచో ధ్వని మెరుగగునని వర్తకులు చెప్పుదురు. ఈ మాటను ఓమ్ నియమముతో పరీక్షింతము.

స్పీకరు 5 మీటర్ల దూరమున నున్నచో విద్యుత్తు పోయివచ్చు దారి 10 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత గల రాగితీగకు అంత పొడవున నిరోధము సుమారు 0.07 ఓములు, స్పీకరుది 8 ఓములు. అనగా తీగలో వృథా యగు శక్తి నూటికి ఒక వంతుకు లోపే. వెండితీగ వేసినను తీగ నిరోధము నూటికి సుమారు 6 వంతులే తగ్గును. ఈ భేదమును చెవి పట్టజాలదు.

తీగ మరీ సన్ననిదై, దూరము హెచ్చినపుడు మాత్రము మార్చుట న్యాయమే. హెచ్.డి.ఎం.ఐ. కేబులులో పోవునవి అంకెలు. అవి తప్పులేక చేరినచో కేబులు ధర బొమ్మను మార్చదు.

కావున కొద్దిపాటి సొమ్ము గలవారు దానిని మంచి స్పీకరుకు వెచ్చించుట మేలు. విద్యార్థులు ఈ లెక్కను తమ ఇంటి తీగ కొలతలతో వేసి చూడవలెను.