మహేశ్ దత్తాని నాటకంలో కాపలావాడు

కర్ణాటకలో చదువుకుంటున్న మన విద్యార్థులకు మహేశ్ దత్తాని పేరు కొత్త కాదు. బెంగళూరులో పుట్టిపెరిగి, ఇంగ్లీషులో నాటకాలు రాసి, 1998లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. ‘ఆన్ ఎ మగ్గీ నైట్ ఇన్ ముంబై’ ఆ ఏడాదే రంగస్థలమెక్కింది. స్వలింగ ప్రేమికులైన కొందరు మిత్రులు ఒక రాత్రి కమలేశ్ ఫ్లాటులో కలుసుకోవడం ఇందులోని కథ. దీనిని సాధారణంగా అస్తిత్వ సమస్యగా చదువుతారు. మేము ఆరోగ్యం వైపు నుంచి చదవదలచాం. నాటకానికి రోగం కేంద్రవస్తువు కాదు, నిజమే. కాని తెలిసి తెలిసీ మనిషి తన ఒంటికి ముప్పు ఎందుకు తెచ్చుకుంటాడన్న ప్రశ్నకు ఇందులో జవాబుంది.

తెర లేచేసరికి కమలేశ్ పడకగదిలో ఆ భవనం కాపలావాడు యూనిఫారం తొడుక్కుంటుంటాడు. కమలేశ్ అతనికి డబ్బిస్తాడు. మాటలు కొద్ది. జాగ్రత్త గురించి మాట్లాడుకోవాలంటే ఇద్దరికీ తీరిక ఉండాలి, కాదనగలిగే స్థితి ఉండాలి. డబ్బు పుచ్చుకునేవాడు, అందులోనూ అదే భవనంలో కొలువు చేసేవాడు, షరతు పెట్టగలడా?

కమలేశ్‌ను ప్రేమించిన ప్రకాశ్ ఎడ్ అన్న పేరుతో కమలేశ్ చెల్లెలు కిరణ్‌ను పెళ్ళాడబోతుంటాడు. టీవీ నటుడు బన్నీకి పెళ్ళయింది, లోకానికి అతను ఆదర్శ గృహస్థు. “పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి” అన్న మాట మన ఇళ్ళల్లోనూ వింటూనే ఉంటాం. ఆ సర్దుబాటులో ముప్పు ఏమీ తెలియని భార్య దాకా వెళుతుంది. భర్త రక్తపరీక్షకు వెళ్ళాలన్నా డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకే గుట్టు బయటపడుతుంది. అందుకని వెళ్ళడు.

నాటకం వచ్చిన నాటికి శిక్షాస్మృతి 377వ సెక్షను అమలులో ఉంది. 2001లో లక్నోలో హెచ్.ఐ.వి. నివారణకు పనిచేస్తున్నవారినే పోలీసులు అరెస్టు చేశారు; వారు నలభై రోజులకు పైగా జైల్లో ఉన్నారు. ఈ సెక్షను వల్ల జనం చాటుకు పోతున్నారని, నివారణ పని కుంటుపడుతోందని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2006లో ఢిల్లీ హైకోర్టుకు తెలిపింది. ఇష్టపడి కలిసే వయోజనులకు ఆ సెక్షను వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబరు 6న. అంతవరకూ, జేబులో నిరోధ్ దొరికితే అదే సాక్ష్యమవుతుందని జడిసి దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్ళినవాణ్ణి అజాగ్రత్తపరుడని ఎలా అనగలం?

మాకు నాటకంతో పేచీ ఒక్కచోటే ఉంది. మిత్రులు రాగానే రచయిత దృష్టి ముందుగదికి మారిపోతుంది. అక్కడివారందరూ చదువుకున్నవారు, తమ బాధను ఇంగ్లీషులో చక్కగా చెప్పుకోగలరు. వారి వాదోపవాదాలు దత్తాని బహు నేర్పుగా నడిపారు. కాపలావాడి గురించి మనకు తెలిసేది అత్యల్పం. అతనికి ఇల్లాలుందా, ఆ రోగం పేరైనా విన్నాడా అన్నది నాటకానికి పట్టలేదు. చివర బన్నీ తన గురించి ఒప్పుకునే ఘట్టాన్ని విద్యార్థులు పరీక్షల్లో విపులంగా రాస్తారు. కాపలావాడి మీద ప్రశ్న వచ్చిన పరీక్షపత్రం మేము ఇంతవరకూ చూడలేదు.