గోదాం తలుపు ఎవరు తెరవాలి?

ఈ వారం వరంగల్ ఏనుమాముల వైపు ఒక బియ్యం గోదాంలోకి వెళ్లాను. లోపల అడుగుపెట్టగానే ప్రాణం లేచొచ్చింది. గోడకూ బస్తాల నెట్టుకూ మధ్య మనిషి చీపురు పట్టుకొని నడిచేంత దారి వదిలారు. బస్తాలకు నేల చెమ్మ తగలకుండా కింద చెక్కలు పరిచారు. నా పాత పాట మీకు తెలిసిందే: గోదాం సంగతి తెలియాలంటే రిజిస్టరు పక్కనపెట్టి మూలలు చూడాలి. గోడకు ఆనించి బస్తాలు పేర్చారంటే ఆ సందులో చీపురు తిరగదు, ఎలుక తిరుగుతుంది.

అక్కడ ఊడ్చే అమ్మ ఒకామె నెట్టు మొదట్లో వంగి, వేలికొసకు అంటిన తెల్లటి పొడి చూపించింది. "ఇది దుమ్ము గాదు సారూ. ఇట్ల మెత్తగ ఉన్నదంటే లోపల పురుగు వడ్డట్టే" అంది. నిజమే. ముక్కపురుగైనా, నుసిపురుగైనా గింజను తొలిచి లోపలే పెరుగుతుంది. తొలిదశలో పైకి కనబడేది ఆ పొడి ఒక్కటే. దాన్ని అందరికంటే ముందు చూసేది ఊడ్చే మనిషే. ఊడ్చిన చెత్తను ఏ పూటకాపూట బయటికి పంపడం కూడా ఆమె పట్టించే నియమం. మూలన కుప్పపోస్తే పురుగు అక్కడినుంచే కొత్త బస్తాలకు ఎక్కుతుంది.

వరంగల్‌కు ఈ శ్రద్ధ మరీ అవసరం. ధాన్యం, మిర్చి, పత్తి అన్నీ మన దగ్గరికే వస్తాయి. పత్తి బేలులో నిప్పురవ్వ దూరితే పైకి పొగైనా రాకుండా గంటల తరబడి లోలోపల రగులుతుంది. నేలమీద రాలిన దూది ఊడ్చకపోతే ఆ నిప్పు పక్క బేళ్లకు పాకడానికి దారి మనమే వేసినట్టు.

నా చిన్నతనంలో మా ఇంటి గోదాం నేలలోనే ఉండేది. మెరక మీద గట్టి నేల చూసి పాతర తవ్వి, అడుగునా చుట్టూ వరిగడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి కప్పి మట్టితో మెత్తేవాళ్లు. లోపలి ప్రాణవాయువును గింజలే పీల్చేసుకుంటాయి. బొగ్గుపులుసు గాలి నిండి పురుగు చస్తుంది. అదే గాలి మనిషినీ చంపుతుంది. బరువైనది కనుక పాతర తెరిచినా అడుగునే ఉండిపోతుంది. అందుకే మా తాత మూత తీసిన రోజు ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మర్నాడు తాడుకు లాంతరు కట్టి దించేవాళ్లు. మంట ఆరిపోతే దిగడం లేదు.

ఆ తాడు పట్టుకునేది దిగాల్సిన జీతగాడే. తాత "ఇగ దిగరా" అన్నా, ఆయన లాంతరు పైకి లాగి, దీపం వత్తి చూసి, తల అడ్డంగా ఊపితే ఆ పూటకు జొన్నలు లేనట్టే. నానమ్మ పక్కింటికి వెళ్లి బదులు తెచ్చేది. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనేవాళ్లు కాదు.

పాతవాళ్లకు గింజ మీద ఎంత ప్రేమ అని చెప్పడానికే ఇన్నాళ్లూ ఈ కథ వాడుకున్నాను. ఈ వారం అది నాకు వేరేగా తోచింది. ఇప్పుడు గోదాంలో పురుగుకు వేసేది అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. 3 గ్రాముల బిళ్ల గాలిలోని తేమ తగిలి 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. నెట్టు మీద కవరు కప్పి, అంచుల మీద ఇసుక గొట్టాలు పెట్టి రోజుల తరబడి మూసి ఉంచుతారు. ఇక్కడ లాంతరు పనికిరాదు. మనిషిని చంపేంత ఫాస్ఫీన్ ఉన్నా దీపం ఆరదు. మోతాదు పెరిగితే ఆ వాయువే అంటుకుంటుంది. వెల్లుల్లి లాంటి వాసన వస్తుందంటారు గానీ, దాన్ని నమ్ముకోవడం ప్రమాదం. కొలిచే మీటరే దిక్కు.

అంటే ఊడ్చి అద్దంలా పెట్టిన గోదాం కూడా ప్రాణం తీయగలదు. శుభ్రంగా ఉంటే భద్రంగా ఉన్నట్టేనని ఇన్నేళ్లుగా రాస్తూ వచ్చిన మాటను ఇక అలా రాయలేను. ముందు లోపలికి వెళ్లేది హమాలీలు, ఊడ్చే ఆడవాళ్లు. 2018 జూలైలో వరంగల్ కోటిలింగాల దగ్గర బాణసంచా గోదాం పేలినప్పుడూ పోయినవి కూలీల ప్రాణాలే.

మీటరు ఆఫీసు బీరువాలో ఉంటే లాభం లేదు. హమాలీల ముఠా మేస్త్రి చేతిలో ఉండాలి, "ఇయ్యాల తెరవం" అనే హక్కు అతనికి ఉండాలి. కానీ కూలి బస్తా లెక్కన, బయట లారీ నిలబడి ఉంటుంది. ఆగితే ఆ పూట కూలి పోయే మనిషి ఆగమని ఎలా అంటాడు? జీతగాడు తల ఊపగలిగింది, ఊపినా అతని జీతం పోదు కనుక. ఈసారి హమాలీ రేట్ల ఒప్పందం రాసుకునేటప్పుడు బస్తా రేటు పక్కన మరో లైను చేర్చాలి: గాలిలో విషం లేదని మీటరు చూపేదాకా ఆగిన ప్రతి గంటకూ కూలి కట్టివ్వాలి.