మంచికీ చెడుకీ తండ్రి ఒక్కడే

మనసులోని పెనుగులాటను చూపడానికి మంచినీ చెడునీ ఇద్దరు మనుషులుగా నిలబెట్టడం పాత పద్ధతే. 11వ శతాబ్దంలో కృష్ణమిశ్రుడు సంస్కృతంలో రాసిన 'ప్రబోధచంద్రోదయం' అలాంటి నాటకం. నంది మల్లయ, ఘంట సింగయ దాన్ని తెలుగు కావ్యంగా చేశారు. అందులో వివేకుడికీ మహామోహుడికీ యుద్ధం. తల్లులు వేరైనా ఇద్దరికీ తండ్రి ఒక్కడే, మనసు. చెడు బయటినుంచి రాలేదు, ఇంట్లోనే పుట్టింది. ఆ కథకు బలం అదే. అయితే బౌద్ధ, జైన, కాపాలికులను అది మోహుడి వైపు నిలబెట్టి ఎగతాళి చేసింది. గిట్టనివాళ్లకు చెడు వేషం కట్టడం అప్పటికే ఉంది.

మన బడి నాటికల్లోనూ అంతే. మంచికి తెల్లబట్టలు, చెడుకి ఒంటినిండా మసి, తలకు ఈకలు, నడుముకు ఆకులు. ఆ వేషం కట్టిన మా గూడెం పిల్లవాడు ఒకసారి "సారూ, చెడ్డోడంటే మనమేనా?" అని అడిగాడు. మేము తల దించుకున్నాం.

అప్పటినుంచి ఇద్దరికీ ఒకే బట్టలు వేస్తున్నాం. సంతలో డబ్బు దొరికిన పిల్లవాడికి ఇటొకడు, అటొకడు. చెడు మాటకూ ఆకలి అనే కారణం ఇస్తున్నాం. కారణమే లేకపోతే పిల్లవాడు తేల్చుకోవాల్సిందేముంది? చెడును రంగును బట్టి కాదు, మాటను బట్టి గుర్తుపట్టడం మన పిల్లలు నేర్చుకోవాలి.